కాలికి తెలిసే పోగు

2024 ఆగస్టు 4, ఆదివారం. హిందూపురం

పొద్దున్నుంచి ట్రేసులు చూస్తున్నా. నాలుగేళ్లుగా ఎవరెవరో తీసి పెన్‌డ్రైవుల్లో, పాత ల్యాప్‌టాపుల్లో వదిలేసిన ఓటీడీఆర్ ఫైళ్లన్నీ ఎట్టకేలకు ఒకచోట చేరాయి. హిందూపురం నుంచి పెనుకొండ, అక్కణ్ణుంచి ధర్మవరం దాకా పోయే మా ఫైబర్ కేబుల్‌వి. పన్నెండు వందల పైచిలుకు గీతలు. ఒక్కొక్క గీతకీ నేను పేరు పెట్టాలి. బాగుందా, చెడిందా, చెడితే అతుకు పాడైందా, వంపు పడిందా, కనెక్టరులో దుమ్ము చేరిందా, పూర్తిగా తెగిందా. పేర్లు పెట్టిన గీతల్ని చూసి న్యూరల్ నెట్‌వర్క్ నేర్చుకుంటుంది. రేపు కొత్త గీత ఇస్తే పేరు అదే చెప్పాలి. ఈ పని నాకెవరూ అంటగట్టలేదు, అడిగి తీసుకున్నా.

గీత చదవడం నాకిష్టం. ఫైబర్‌లోకి చిన్న వెలుగు తునక పంపితే, దారి పొడుగునా గాజు దాన్ని రవ్వంత రవ్వంత వెనక్కి చిమ్ముతుంది. ఆకాశాన్ని నీలంగా చూపించే రేలీ వెదజల్లుడే ఇదీ. కిలోమీటరు దూరం పోయి తిరిగి రావడానికి వెలుగుకి దాదాపు 10 మైక్రోసెకన్లు. ఎంతసేపటికి ఎంత తిరిగొచ్చిందో గీస్తే ఎడమ నుంచి కుడికి నిదానంగా దిగే వాలు వస్తుంది. 1976లో బార్నోస్కి, జెన్సన్ అనే ఇద్దరు చూపించిన ఉపాయం. మా జీపులో ఉండే ఓటీడీఆర్ పెట్టె ఇవాళ్టికీ చేసేది అదే. 1550 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకి 0.2 డీబీ దిగుతుంది. అతుకు దగ్గర చిన్న మెట్టు, కనెక్టరు దగ్గర ముల్లులాంటి పొడుపు. తెగితే గీత అక్కడే జారిపోయి, అడుగున గరిక మొలిచినట్టుండే నాయిస్‌లో కలిసిపోతుంది.

ఇవాళ ఒకచోట గీత అతుకు దగ్గర దిగాల్సింది పోయి పైకెక్కింది. అతుకులో వెలుగు పుట్టదు కదా. రెండు కేబుళ్లు వేర్వేరు కంపెనీలవి అయ్యుంటాయి. రెండో గాజు వెనక్కి ఎక్కువ చిమ్ముతుంది, అందుకని లాభంలా కనబడుతుంది. అవతలి కొస నుంచి కొలిస్తే అదే అతుకు పెద్ద నష్టంలా కనబడుతుంది. రెండు వైపులా కొలిచి సరాసరి తీస్తేనే నిజం. అవతలి కొస ఫైలు లేని గీతలు సగానికి పైగా ఉన్నాయి. వాటిలో అనుమానమున్న ప్రతిదానికీ ‘తెలియదు’ అనే పేరు పెట్టా. ఊహించి పేరు పెడితే నా ఊహనే అది పాఠమనుకుంటుంది.

ఆగస్టు 6, మంగళవారం. పెనుకొండ నుంచి వచ్చాక

మామతో రూటు నడిచా. వరసకి మామ కాడు. అందరూ మామా అంటారు, నేనూ అంటా. ఈ కేబుల్‌కి కాలువ తవ్విన రోజు నుంచీ దీని వెంబడే తిరుగుతున్న మనిషి. మోకాళ్లు ఒప్పుకోవడం లేదు, డిసెంబరులో మానేస్తాడట.

సోమందేపల్లి దాటాక జీపు ఆపించి, పెట్టె చెప్పిన దూరం చూసి ఇక్కడే అన్నా. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“పెట్టె చెప్పేది గాజు లోపలి దూరం పాపా. నేల మీద దూరం నన్నడుగు.”

హిందూపురం వైపు మూడు వందల మీటర్లకు పైనే వెనక్కి నడిపించి, ఒక కానగ చెట్టు కింద మడమతో నేల తట్టాడు. తవ్వితే జాయింటు అక్కడే ఉంది. రెండు కిలోమీటర్లకో డ్రమ్ము అయిపోతుంది, అక్కడ జాయింటు వేస్తారు. రేపు అక్కరకొస్తుందని జాయింటుకి రెండు పక్కలా పదేసి మీటర్ల కేబుల్ చుట్ట చుట్టి గుంతలో పెడతారు. కేబుల్ లోపల ఫైబర్ తిన్నగా ఉండదు, మెలి తిరిగి ఉంటుంది, ఒక శాతం దాకా పొడుగు. పైగా గాజు వక్రీభవన సంఖ్య 1.468 బదులు 1.465 అని పెట్టెలో కొట్టి ఉంటే 40 కిలోమీటర్ల దగ్గరకొచ్చేసరికి 80 మీటర్లు తేడా. నేను వీటిని లెక్కలుగా నేర్చుకున్నా. ఆయన చెట్లుగా, బోర్లుగా, కల్వర్టులుగా గుర్తు పెట్టుకున్నాడు. ఏడో జాయింటు పాత బోరు పక్కన. ఎనిమిదోది చింతతోపు గేటుకెదురుగా, అయితే ఇప్పుడు గేటు లేదు.

పెనుకొండ దగ్గరపడే కొద్దీ నేలంతా బండ. కేబుల్ 165 సెంటీమీటర్ల లోతున ఉండాలి. బండ తగిలిన చోట అంత లోతు దిగలేక జీఐ పైపులో పెట్టి పైన కాంక్రీటు పోశారు. లోతు తక్కువ కాబట్టి ఎవరు ఏం తవ్వినా మొదట దెబ్బ తినేది అక్కడే. 1565 యుద్ధం తర్వాత విజయనగరం వాళ్లు హంపి వదిలి వచ్చి రాజధాని పెట్టుకున్న కొండ ఇది. శత్రువు ఎక్కలేడని నమ్ముకున్న బండే కిందికి పాకి మా కాలువకి అడ్డం పడిందని కోట గోడ చూస్తూ అనుకున్నా.

చెట్టు నీడన ఉగ్గాని తింటూ అడిగా: “ఇవన్నీ ఎక్కడైనా రాసినావా మామా?”

“రాసేదేముందిమా. నడిస్తే తెలుస్తాది.”

ఆగస్టు 9, శుక్రవారం

రోడ్డు పక్క కరెంటు స్తంభాల మీద ఏపీ ఫైబర్ కేబుల్ గాలికి ఊగుతోంది. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైన పథకం. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు అన్నారు. తవ్వకుండా స్తంభాల మీదే లాగబట్టి అంత తొందరగా ఊళ్లకి చేరింది. ఆ ఊగే కేబుల్‌లో వెలుగు కూడా ఊగుతుంది. దీని గురించి ఆదివారం తీరిగ్గా రాయాలి.

ఆగస్టు 11, ఆదివారం. హిందూపురం

రాస్తా. కొత్తగా ఎక్కించిన కోహెరెంట్ కార్డు దగ్గర నిన్న రెండు గంటలు కూర్చున్నా. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేసుకున్నా, ఎవరో చెప్పింది నమ్మడం కాదు, నాకు నేను తెలుసుకోవాలని.

80 కిలోమీటర్లు అనుకుందాం. 0.2 చొప్పున 16 డీబీ నష్టం. అంటే పంపిన వెలుగులో నలభయ్యో వంతు చేరుతుంది. అదేం కష్టం కాదు, ఎర్బియం ఆంప్లిఫయరు పెంచేస్తుంది. అసలు కష్టం వెలుగు చెదరడం. ఒక్క పల్స్‌లోనే కొద్దికొద్ది తేడాలున్న రంగులుంటాయి, గాజులో ఒక్కో రంగుదీ ఒక్కో నడక. కిలోమీటరుకి, నానోమీటరు వెడల్పుకి 17 పికోసెకన్ల చొప్పున 80 కిలోమీటర్లకి 1360. సెకనుకి 3,200 కోట్ల గుర్తులు పంపే కార్డు దాదాపు 0.26 నానోమీటర్ల వెడల్పు ఆక్రమిస్తుంది. గుణిస్తే 350 పికోసెకన్లు. ఒక్కో గుర్తు ఉండేదే 31 పికోసెకన్లు. అంటే ధర్మవరం చేరేసరికి ప్రతి గుర్తూ పదకొండు గుర్తుల మీద పరుచుకుంటుంది. పదకొండు మంది ఒకేసారి మాట్లాడినట్టు.

ఇదివరకు దీనికి మందు ఇంకో ఫైబరే. తిరగబడిన స్వభావమున్న ఫైబర్‌ని కిలోమీటర్ల కొద్దీ చుట్టి డబ్బాలో పెట్టి స్టేషన్లలో ఉంచేవాళ్లు. మామకి ఆ డబ్బాలు మోసిన జ్ఞాపకం ఉంది. ఇప్పుడు ఆ డబ్బా ఒక లెక్కగా మారి చిప్పులో కూర్చుంది.

అదెలా కుదిరిందన్నది నాకు అన్నిటికన్నా అందంగా తోస్తుంది. పాత రిసీవరు వెలుగు ఎంత ఉందో మాత్రమే చూసేది. వెలుగు అల ఏ దశలో ఉందో చెప్పే ఫేజ్ సంగతి దానికి తెలియదు. కోహెరెంట్ రిసీవరు తన దగ్గర ఇంకో లేజరు వెలిగించి, వచ్చిన వెలుగుని దానితో కలుపుతుంది. అప్పుడు పరిమాణం, ఫేజ్, అల ఊగే రెండు దిక్కులు, అంటే రెండు పోలరైజేషన్లు, అన్నీ అంకెలుగా చేతికొస్తాయి. ఏదీ పోలేదు కాబట్టి దారిలో గాజు చేసిందాన్ని తిరగేసి కట్టొచ్చు. చెదిరింది కూడుతుంది.

రెండు పోలరైజేషన్ల మీద రెండు వేర్వేరు ప్రవాహాలు పంపుతాం. దారిలో అవి ఒకదానిలో ఒకటి కలిసి మెలితిరుగుతాయి. ఎంత తిరిగాయో చెప్పేవాళ్లెవరూ లేరు. గొడార్ 1980లో టెలిఫోను మోడెముల కోసం రాసిన పద్ధతి ఇక్కడ పనికొచ్చింది: ఒక్కో గుర్తునీ తెర మీద ఒక చుక్కగా గీస్తే, పంపిన చుక్కలన్నీ కేంద్రం నుంచి ఒకే దూరంలో ఉండాలని మాత్రం తెలుసు, వచ్చిన చుక్కలు ఆ దూరానికి చేరేదాకా సవరణ అంకెల్ని కొద్దికొద్దిగా మారుస్తూ పో. పంపిందేమిటో తెలియకుండానే ముడి విప్పడం. తెర మీద మొదట మసక మేఘం, తర్వాత నాలుగు గుంపులుగా విడిపోయిన చుక్కలు. నిన్న అది చూస్తూ అక్కడే చీకటి పడేదాకా కూర్చుండిపోయా.

ఆ సవరణ అంకెల మాటే ఇంకా పట్టుకుని ఉన్నా. గాలికి స్తంభం మీది కేబుల్ ఊగితే అవి మారతాయి. పిడుగు పడితే ఉలిక్కిపడతాయి. కాలువ పక్కన జేసీబీ తవ్వుతుంటే వణుకుతాయి. చిప్పు వాటిని వాడుకుని పారేస్తుంది. పారేయకుండా దాచి చూస్తే తెగకముందే తెలుసుకోవచ్చని పరిశోధకులు ఎన్నో దేశాల్లో చూపిస్తున్నారు. ఇలాంటి ఆలోచనతోనే ఈశాన్య సరిహద్దు రైల్వేలో గజరాజ్ అనే ఏర్పాటు పెట్టారు. పట్టాల పక్కన పాతిన ఫైబర్‌లోంచి వెనక్కి వచ్చే వెలుగు వణుకుని చూసి, అది ఏనుగుల అడుగా రైలా మనిషా అని యంత్రం తేల్చి డ్రైవరుకి చెబుతుంది. అస్సాం అడవిలో ఏనుగు అడుగు వినగలిగిన గాజు ఇక్కడ బోరు లారీని వినలేదా? మా వైపు ఎండాకాలం వస్తే తిరుచెంగోడు బోరు లారీలు రాత్రీపగలూ తిరుగుతాయి. రాత్రి పది గంటలకు ఎవరి పొలంలోనో బోరు దించుతారు, పదిన్నరకి మా ఫోను మోగుతుంది.

ఇంకొక్కటి రాసి పడుకుంటా. వెలుగు బలం పెంచుకుంటూ పోతే సందేశం స్పష్టమవుతూ పోవాలి. షానన్ 1948 సూత్రం ప్రకారం అంతే. గాజు మాత్రం ఒక హద్దు దాటాక ఒప్పుకోదు. వెలుగే గాజు స్వభావాన్ని మార్చేసి తన ఫేజ్‌ని తానే పాడుచేసుకుంటుంది. ఆ పాడు, రంగుల చెదురుడు దారిపొడవునా కలగలిసి ఉంటాయి. దాన్ని విప్పాలంటే దారిని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక ముక్కకి చెదురుడు లెక్క, వెంటనే ఫేజ్ లెక్క, మళ్లీ చెదురుడు, మళ్లీ ఫేజ్. ఒక సరళమైన మెట్టు, ఒక వంకర మెట్టు. న్యూరల్ నెట్‌వర్క్ పొరలూ అచ్చం అలాగే ఉంటాయి! 2018లో హేగర్, ఫిస్టర్ ఈ పోలికనే పట్టుకుని, ఆ మెట్లనే పొరలుగా తీసుకుని డేటాతో నేర్పించారు. తక్కువ మెట్లతో పని జరిగింది. యంత్రానికి ఏమీ తెలియదని మొదలుపెట్టకుండా, గాజు గురించి మనకు తెలిసింది దాని ఒంట్లోనే కట్టి ఆ తర్వాత నేర్పడం. నాకు ఈ దారే నచ్చుతుంది.

ఆగస్టు 16, శుక్రవారం. ధర్మవరం

వరలక్ష్మీ వ్రతం. అమ్మ ఓళిగలు చేసింది. శ్రావణం కాబట్టి నాయన మగ్గానికి తీరిక లేదు; పూజ అవ్వగానే మళ్లీ మగ్గం గుంతలోకి దిగాడు. వీధిలో పవర్‌లూమ్ చప్పుడు పోయినసారికన్నా ఎక్కువైంది.

అమ్మ పక్కింట్లో అచ్చు అతకడానికి పోతే నేనూ వెంట పోయి కూర్చున్నా. పాత పడుగు అయిపోయిన చోట కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటీ అతకాలి, వేల పోగులు. వేళ్లకి బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి ఒక్క మెలి. కళ్లు దించి చూడదు. నేను ఫైబర్ అతికేటప్పుడు తోలు వొలిచి, ఆల్కహాల్‌తో తుడిచి, క్లీవరుతో కొస కోసి, మిషన్లో పెట్టి ఆర్క్ కొడతా. వెంట్రుక మందం ఉండే గాజులో, 9 మైక్రాన్ల నడిబొడ్డు ఎదురెదురుగా నిలవాలి. 0.02 డీబీ వస్తే ఆ రోజు మంచి రోజు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు… వరస తప్పకుండా పన్నెండు రంగులు. శిక్షణలో నా చెయ్యి తొందరగా కుదురుకుందని అందరూ అన్నప్పుడు నాకు కారణం తెలియలేదు. ఇవాళ అమ్మ పక్కన కూర్చుంటే తెలిసింది.

సాయంత్రం నాయన అడిగాడు: “ఏం చేస్తాండావు పాపా ఆ కంప్యూటర్లో రాత్రంతా?”

వెలుగు పోయే దారి ఎక్కడ చెడిందో యంత్రం చెప్పేట్టు చేస్తున్నా అన్నా. కొంచెంసేపు నాడె ఆడిస్తూనే ఉన్నాడు. తర్వాత అన్నాడు:

“పోగు తెగింది కంటికి కనబడకముందే కాలికి తెలుస్తాది.”

“ఎట్ల నాయనా?”

“తొక్కుడు బరువు మారుతాది. ముప్పై ఏండ్లు తొక్కితే తెలుస్తాది.”

చీర కంటికి బాగానే ఉంటుంది, కాలు ముందే చెబుతుంది. రిసీవరులో చుక్కలు బాగానే ఉంటాయి, వాటిని బాగా ఉంచడానికి సవరణ అంకెలు ఎంత శ్రమపడుతున్నాయో ఎవరూ చూడరు. నాయన కాలు చూసేది ఆ శ్రమనే.

ఆగస్టు 20, మంగళవారం

పనిచేసింది! శిక్షణలో చూపించకుండా పక్కన పెట్టిన గీతల్లో వందకి ఒకటో రెండో తప్ప అన్నీ సరిగ్గా చెప్పింది. రెండుసార్లు మళ్లీ నడిపి చూశా, అదే. బెంగళూరు ఆఫీసుకి రాసేశా. నిద్ర రావట్లేదు.

ఆగస్టు 23, శుక్రవారం

తప్పు. మొత్తం తప్పు.

మామకి తెర మీద చూపిస్తున్నా. ఈ గీత చెడింది, ఇది బాగుంది, యంత్రం ఎంత బాగా కనిపెట్టిందో చూడు అంటున్నా. ఆయన గీత వాలు చూడటం లేదు. ఎడమ కొసన, మొదలయ్యే చోట వేలు పెట్టాడు.

“ఇది పచ్చ పెట్టెతో తీసింది కదా?”

“ఎట్ల చెప్తావు?”

“మొదట్లో ఆ గూను పచ్చ పెట్టెకే వస్తాది. అది జీపులో ఉంటాది. కేబుల్ తెగినప్పుడే దాన్ని తీసేది మేము. మామూలు టెస్టింగుకి ఆఫీసు నల్ల పెట్టె.”

నా చేతులు చల్లబడ్డాయి. ఆయన వెళ్లాక ప్రతి గీతలో మొదటి మూడు వందల మీటర్లు చెరిపేసి నెట్‌వర్క్‌కి మళ్లీ ఇచ్చా. తెగిన వాటిని కూడా చాలా మటుకు బాగున్నాయంది. అది అతుకు నేర్చుకోలేదు, వంపు నేర్చుకోలేదు. పచ్చ పెట్టె అయితే చెడినట్టు, నల్ల పెట్టె అయితే బాగున్నట్టు. అంతే నేర్చుకుంది.

నా తప్పుకి పెద్ద చోట్ల పెద్ద తోబుట్టువు ఉంది. 2017లో ఎరిక్సన్, బ్యులో, లెవెన్ అనే ముగ్గురు ఫైబర్ రంగంలో న్యూరల్ నెట్‌వర్కులు వాడేవాళ్లని హెచ్చరిస్తూ ఒక పత్రం రాశారు. ప్రయోగశాలల్లో నిజంగా ఏ క్రమమూ లేకుండా వచ్చే బిట్లకు బదులు పీఆర్‌బీఎస్ అనే కృత్రిమ వరస వాడతారు. చూడటానికి క్రమం లేనట్టే ఉంటుంది కానీ ముందు వచ్చిన బిట్ల నుంచి ఒక చిన్న సూత్రంతో తర్వాతి బిట్టు పుడుతుంది. నెట్‌వర్క్ గాజు చేసిన చెడుపుని సరిదిద్దడం మానేసి ఆ సూత్రాన్ని పట్టేసుకుంటుంది. ఫలితం అద్భుతంగా కనబడుతుంది. నిజమైన సమాచారం పంపిన రోజున ఆ అద్భుతం ఉండదు. వాళ్లు సూచించింది నిజమైన యాదృచ్ఛిక డేటాతో నేర్పమని. ఇది నేను ఆర్నెల్ల కిందటే చదివా. చదివి కూడా నా ఫైళ్లలో పెట్టె పేరు ఏ వరసలో ఉందో చూసుకోలేదు.

బెంగళూరుకి రాశా. ఆ అంకె నమ్మొద్దు, కారణం ఇది అని, దాచకుండా. మామ చెప్పిందని కూడా రాశా.

సెప్టెంబర్ 1, ఆదివారం. హిందూపురం

వారం నుంచి అదే పని. గీతల మొదలు కత్తిరించా. పచ్చ పెట్టెతో బాగున్న ఫైబర్లని, నల్ల పెట్టెతో చెడిన వాటిని ప్రత్యేకంగా తిరిగి తీశా. మామ, ఇంకో అన్న రోజూ తోడొచ్చారు. 1310 నానోమీటర్ల దగ్గర ఒకటి, 1550 దగ్గర ఒకటి, రెండేసి గీతలు జతగా ఇస్తున్నా. పాడైన అతుకు రెంటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది; వంపు అయితే 1550లో ఎక్కువ కారుతుంది. మనిషి చూసే పద్ధతి అదే, యంత్రానికీ అదే అందించాలి. పరీక్షకి కొన్ని గీతలు ఏరుకోవడం మానేశా. హిందూపురం–పెనుకొండ ముక్కతో నేర్పి, పెనుకొండ–ధర్మవరం ముక్క మొత్తం పరీక్షకి పెట్టా. అది ఎన్నడూ చూడని నేల.

నాలుగింట మూడు సరిగ్గా చెబుతోంది. ఆ అంకె చిన్నది. నిజమైనది కాబట్టి నాకు ముద్దుగానే ఉంది.

సెప్టెంబర్ 10, మంగళవారం

ఇవాళ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి పుట్టినరోజు. 1920లో హడగలిలో పుట్టారు, మాకు దూరం కాదు, బళ్లారి అవతల. తెలుగు కుటుంబం. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారట. చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం. తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకి ఆ రాత్రి కూర్చుని జవాబు సాధించారని చెబుతారు. అది 1945లో అచ్చయింది. క్రామర్–రావు హద్దు.

నా బల్ల మీద ఇప్పుడున్నది ఆ హద్దే. గీతలో నాయిస్ ఇంత ఉంటే, మెట్టు ఎత్తు ఇంత ఉంటే, ఆ మెట్టు ఎక్కడుందో ఇంతకన్నా కచ్చితంగా ఏ నిష్పాక్షిక పద్ధతీ చెప్పలేదు. నెట్‌వర్క్ పెద్దదైనా, చిప్పు కొత్తదైనా అంతే. మెరుగైన జవాబు కావాలంటే ఎక్కువసేపు కొలువు, బలమైన పల్స్ పంపు, లేదా వేరే చోటి నుంచి తెలిసిన సంగతి కలుపు. ఆ చివరి మాట దగ్గర ఆగా. జాయింట్లు ఎక్కడున్నాయో ముందే తెలిస్తే హద్దే మారిపోతుంది, ఎందుకంటే లెక్కలోకి కొత్త సమాచారం వచ్చింది. ఆ సమాచారం ఒక్క మనిషి తలలో ఉంది, డిసెంబరులో ఆయన వెళ్లిపోతాడు.

రావుగారు పోయి ఏడాది దాటింది. నూట రెండేళ్లు బతికారు.

సెప్టెంబర్ 14, శనివారం. రాత్రి రెండు దాటింది

మధ్యాహ్నం నుంచి నీలం, నారింజ ఫైబర్లలో నష్టం కొంచెం కొంచెం పెరుగుతోంది. తెగలేదు. ఏడు గంటలకు రెండు తరంగాల మీదా గీతలు తీసి నెట్‌వర్క్‌కి ఇచ్చా. వంపు అంది. 1310లో 0.3 డీబీ, 1550లో 1.1. నేనూ వంపే అనుకున్నా. గాజు దూరం 31.6 కిలోమీటర్లు.

మామకి ఫోను చేస్తే భోంచేస్తున్నాడు. దూరం చెప్పా. రెండు మూడు క్షణాలు ఏం మాట్లాడలేదు. “పదిహేనో జాయింటు. మొన్న ఆ పక్కన నీళ్ల పైపుకి కాలువ తీసినారు. వస్తాండా.”

పెనుకొండకి ఇవతల, మామ, ఇంకో అన్న, నేను తొమ్మిదిన్నరకి చేరాం. తలకి లైట్లు కట్టుకుని గుంత మూత తీశాం. పైపు వేసినవాళ్లు మట్టి తిరిగి పూడుస్తూ ఒక గుండుని మా గుంత గోడకి ఆనించి వదిలారు. వానకి మట్టి కూరుకుని గుండు జారి, కేబుల్ చుట్టని నలిపి పెట్టింది. రేపో మాపో నలిగిన చోటే విరిగిపోయేది. ముగ్గురం గడ్డపారతో గుండు పక్కకి దొర్లించాం. మామ మోకాళ్ల మీద వంగి చుట్టని విప్పి, పెద్ద వలయంగా మళ్లీ చుట్టాడు, పసిపిల్లని ఊయల్లో పడుకోబెట్టినట్టు. పెట్టె పెట్టి చూస్తే 1550లో మెట్టు దాదాపు మాయమైంది.

జీపు టైలుగేటు మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగాం. ఆయన తెర వైపే చూస్తున్నాడు.

“వంపని అది చెప్పిందా, నువ్వు చెప్పినావా?”

“అదే ముందు చెప్పింది మామా. చోటు మాత్రం దానికి తెలీలేదు.”

టీ అయిపోయేదాకా ఏం అనలేదు. తర్వాత గ్లాసు కడిగి, బోర్లించి, నా చేతిలో నోటుపుస్తకం చూశాడు.

“రాసుకో పాపా.”

ఇదే పుస్తకంలో, లైటు వెలుగులో రాశా. ఇంట్లో మళ్లీ శుభ్రంగా ఎక్కించాలి. ఆయన చెప్పిన వరసలోనే:

ఒకటి. హిందూపురం గది గోడ నుంచి, స్కూలు కాంపౌండు మూల. చుట్ట రెండు పక్కలా పదిహేను మీటర్లు, పది కాదు.

రెండు. కొళాయి పక్కన. రూటు రాయి తిరగబడి ఉంది, అక్షరాలు నేలవైపు.

మూడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు జరిపినారు. పాత చోటు మ్యాపులో ఉంది, కొత్త చోటు వేపచెట్టుకి ఎడమ పక్క.

నాలుగు. ఎప్పుడూ తెరవలేదు.

ఐదు. నీళ్లు నిలుస్తాయి. క్లోజరు మార్చాల.

ఆరు…